అమావాస్య నాడు గీసిన ఊరు

జిల్లాలోకెల్లా గోలగా ఉండే ఊరిని ‘నిశ్శబ్ద మండలం’గా ప్రకటించమని కాగితం మీద పెట్టి, కింద సంతకం కూడా గీకిన ఘనుణ్ణి నేనే. నమ్మకం లేకపోతే నగరి పక్కన ఉండే ఆ నేత ఊరికి పోయి ‘పసుప్పచ్చ సారు’ ఎవరని అడగండి. టీ కొట్టు దగ్గర ముగ్గురు నవ్వుతారు, నాలుగో మనిషి నా పేరు చెప్తాడు. ఊరి పేరు మాత్రం అడక్కండి. పని మీద ఇప్పటికీ అక్కడికి పోయి టీ తాగవలసినవాణ్ణి.

ముందు నా ఉద్యోగం గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, లేకపోతే నా తప్పు ఎంత పెద్దదో మీకు అందదు. నేను ప్లానర్‌ని. ఒక ఊరూ దాని చుట్టుపక్కల పల్లెలూ రాబోయే ఇరవై ఏళ్ళలో ఎటు పెరగాలి, రోడ్డు ఎటు పోవాలి, బడి ఎక్కడ రావాలి, ఫ్యాక్టరీ ఎక్కడ ఉండకూడదు అని మ్యాపు మీద రంగులు వేసి చెప్పే పని. ఇంత గొప్ప చదువు చదివి మా ఊరు పాకాలకు తిరిగొస్తే మా పెదనాయన తొలిరోజే పట్టుకున్నాడు.

“ప్లాన్లు గీస్తావంట గదా. మా ఇంటి మీద ఇంకో అంతస్తుకు ఒగటి గీసీరా. మెట్లు వాయువ్యం మూల రావాల.”

“నేను ఇండ్లకు గీయను పెదనాయనా. ఊర్లకు గీస్తాను.”

“ఊర్లు ఉండనే ఉండాయి గదరా. ఇంగ గీసేదేముంది?”

ఆ ఏడాదంతా నేను దరఖాస్తులు పెట్టుకుంటూ పోయాను. పోయిన ప్రతిచోటా “అనుభవం ఉందా?” అన్నారు. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదన్నట్టు, ఉద్యోగమొస్తే గాని అనుభవం రాదు, అనుభవముంటే గాని ఉద్యోగం రాదు. మధ్యలో మా పెదనాయనకు మెట్లు గీసిచ్చాను. ఆ మెట్లెక్కితే తల స్లాబుకు కొట్టుకుంటుంది. అది వేరే సంగతి.

చివరికి తిరుపతిలో ఒక ప్లానింగ్ ఆఫీసు నుంచి ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. అక్కడ కూర్చున్నావిడ వసుంధర మేడం. ఆవిడ గురించి చెప్పాలంటే ఇప్పటికీ లేచి నిలబడి చెప్పాలనిపిస్తుంది. చీర మీద కాన్వాసు బూట్లు, చేతిలో గొడుగు, భుజాన రంగు పెన్సిళ్ళ సంచీ. ఎండలు మండే నెలల్లో కూడా ప్రతి సందూ నడిచి చూసేది. తొంగి చూడని బావిని మ్యాపులో పెట్టేది కాదు. ఆవిడ నన్ను అడిగింది ఒకే ప్రశ్న.

“మ్యాపు ముందా, ఊరు ముందా?”

“మ్యాపే మేడం!” అన్నాను ఛాతీ విరుచుకుని.

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. నా దరఖాస్తు వెనక పెన్సిల్‌తో ఏదో రాసుకుంది. పదకొండు నెలల కాంట్రాక్టు మీద నన్ను తీసుకున్నారు. ఆమె ఏం రాసిందో చివర్లో చెప్తాను. ముందే చెప్తే నా పరువు ఇక్కడే పోతుంది, ఇంకా చాలా దూరం దాన్ని మోసుకుపోవాలి.

పదో నెలలో మేడం నన్ను పిలిచి ఒక ఊరు అప్పజెప్పింది. ఏ కట్టడాన్ని దేనికి వాడుతున్నారో చూసి మ్యాపులో రంగు వేయాలి. ఇల్లయితే పసుపు, దుకాణమయితే నీలం, పరిశ్రమ అయితే ఊదా. ఆ రంగులను బట్టే తర్వాత ప్లాన్ తయారవుతుంది. పసుపు పడిన వీధిలో ఇక ఫ్యాక్టరీలకూ యంత్రాలకూ అనుమతి రాదు.

“ఇది శుభ్రంగా చేసుకోనిరా. నీ కాంట్రాక్టు పొడిగించమని నేనే రాస్తా,” అంది.

ఆ రోజు నేను పాకాల బస్సులో నిలబడి వచ్చాను. సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోవాలనిపించలేదు.

తెల్లవారి సంచీ సర్దుకుంటుంటే మా అమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

“ఈపొద్దు ఏం దినమో తెలుసునా?”

“గురువారం.”

“అమావాస్య రా! కొత్త పని మొదలుపెట్టే దినమా ఇది? రేపు పో.”

“అమ్మా, ఇది శాస్త్రీయమైన పని. ఆకాశంలోనించి ఉపగ్రహం తీసిన ఫోటో ఉండాది నా దగ్గర. ఉపగ్రహానికి అమావాస్య లేదు.”

“ఉపగ్రహానికి లేదేమోరా. ఊరికి ఉంటాది గదా.”

ఈ మాట దయచేసి గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. ‘చదవేస్తే ఉన్నమతి పోయింది’ అన్నారే, అది నన్ను చూడకముందే అన్నారంటే పెద్దల దూరదృష్టికి దండం పెట్టాలి.

ఆఫీసు జీపు నడిపేది మురుగయ్య. అరవదేశం సరిహద్దు పక్క మనిషి. దారిలో మా అమ్మ సంగతి చెప్పి నవ్వితే అతను స్టీరింగు మీద చెయ్యి చరిచాడు.

“అమావాస నిండు దినం సార్! మా పక్క కొత్త బండి కూడా ఈ దినమే తీస్తారు. మీరు జమాయించండి.”

ఇంకేం కావాలి? శాస్త్రం నా పక్క, మురుగయ్య నా పక్క.

ఊళ్ళోకి పోతే ఏముంది, స్వర్గం. వీధులన్నీ కడిగి ఆరేసినట్టున్నాయి. తలుపులు ఓరగా వేసున్నాయి. ఇళ్ళల్లోంచి సాంబ్రాణి వాసన, వడల వాసన. చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. నేను పాకాల స్టేషన్ పక్క రైల్వే క్వార్టర్స్‌లో, గూడ్సు బండ్ల చప్పుడులో పెరిగినవాణ్ణి. ఆ నిశ్శబ్దానికి నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయంటే నమ్మండి. జీపు దిగే పని కూడా పెట్టుకోలేదు. కూర్చున్నచోటి నుంచే ఇల్లు, ఇల్లు, ఇల్లు అని పసుపు గీసుకుంటూ పోయాను. ఒకచోట మాత్రం తిన్నె మీద కూర్చున్న తాత కనబడితే, స్థానికుల అభిప్రాయం కూడా తీసుకోవాలి కదా అని ఆపాను.

“తాతా, మీ వీధి బలే ప్రశాంతంగా ఉండాదే!”

“ఈపొద్దు బాగుండాది నాయనా. చెవులకు సుఖంగా ఉండాది.”

నోటుబుక్కులో రాసుకున్నాను: ‘చెవులకు సుఖంగా ఉందని స్థానికుల అభిప్రాయం.’ తాత అన్న ‘ఈపొద్దు’ మాత్రం రాసుకోలేదు. స్థలం మిగల్లేదనుకుంటాను.

మరి నేత ఊరు కదా, నేసేదెక్కడ అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది, నేను మరీ అంత మొద్దును కాను. ఊరి బయట ఒక పెద్ద రేకుల షెడ్డు కనబడింది. దాని మీద వెలిసిపోయిన మగ్గం బొమ్మ ఉంది. ‘దొరికింది!’ అనుకుని దానికి ఊదా రంగు వేశాను. షెడ్డు ముందర చింతపండు ఎండబెట్టి ఉంది. ఊరంతా వచ్చి నేసే షెడ్డు ముందర చింతపండు ఎందుకుందని నేను అడగలేదు. మధ్యాహ్నానికి సర్వే పూర్తి. మురుగయ్య తెచ్చిన వడలు కూడా పూర్తి.

ఉత్సాహం ఆగక నివేదికలో సొంత పైత్యం కూడా కలిపాను. ‘ఈ ఊరి ప్రత్యేకత నిశ్శబ్దం. దీన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించి, మూడో వీధిలో వృద్ధులకు విశ్రాంతి గృహం, ధ్యాన కేంద్రం నిర్మించవచ్చు.’ మేడం ఆ వారం చిత్తూరు మామిడి మార్కెట్టు పని మీద ఊపిరాడకుండా ఉంది. కాగితాలు తిరగేస్తూ అడిగింది.

“వీధుల్లోకి పోయినావా?”

“అన్ని వీధులూ పోయినాను మేడం.”

అబద్ధం కాదు. జీపు పోయింది, జీపులో నేనున్నాను. ఆమె నన్ను నమ్మి ముసాయిదా మీద సంతకం పెట్టింది.

ముసాయిదా అయ్యాక ఊరివాళ్ళకు చూపించి అభ్యంతరాలు వినాలి. ఆ ఊళ్ళోనే బడి హాల్లో సభ పెట్టారు. బుధవారం, ఉదయం పది గంటలు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, మ్యాపు చుట్ట చంకలో పెట్టుకుని, పెళ్ళికొడుకు లాగా జీపెక్కాను. మేడం వెనక సీట్లో ఉంది. ఊరు దగ్గర పడేసరికి జీపులోంచి ఏదో చప్పుడు మొదలైంది. టకటక, టకటక, టకటక.

“మురుగయ్యా, బండి ఆపు. ఇంజన్లో ఏదో కొట్టుకుంటా ఉండాది,” అన్నాను.

“ఇంజన్ కాదు సార్,” అన్నాడు అతను. “ఊరు.”

నా గుండె కూడా అదే తాళంలో కొట్టుకోవడం మొదలుపెట్టింది. ప్రతి ఇంటి కిటికీలోంచీ అదే చప్పుడు. ఓరగా వేసున్న తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ముందరి గదిలో కరెంటు మగ్గం, వెనక గదిలో మగ్గం, మధ్యలో ఎక్కడో మంచం, పొయ్యి, మనుషులు. నేను పసుపు పూసిన ఇళ్ళన్నీ కలిసి నన్ను చూసి పళ్ళు పటపటా కొరుకుతున్నట్టుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట్లో అమ్మ దగ్గర ఓడిపోయి, రచ్చలో మైకు పట్టుకుని మరీ ఓడిపోవడానికి లేచాను. హాలు నిండా జనం. గోడకు నా మ్యాపు, పళ్ళెంలో పులిహోర వడ్డించినట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా పసుపు.

“సోదర సోదరీమణులారా! మీ ఊరి ప్రత్యేకత...”

“వినపడలే!” అన్నారు వెనకనుంచి.

“మీ ఊరి ప్రత్యేకత... నిశ్శబ్దం!” అని అరిచాను.

“ఏందీ?”

“నిశ్శబ్దం! నిశ్శబ్దం!” అని గొంతు చించుకున్నాను. మైకు కూడా కీచుమంది.

ముందు వరసలో ఒకాయన పైగుడ్డ నోటికడ్డం పెట్టుకున్నాడు. ఆ తర్వాత హాలంతా పడీ పడీ నవ్వింది. నాకేం చేయాలో తోచక, ఇంకా తెలివైన మాట ఒకటన్నాను.

“ఆ పక్కింట్లో ఆ చప్పుడు ఐదు నిమిషాలు ఆపించండి. నేను వివరంగా చెప్తాను.”

తిన్నె మీది తాత అక్కడే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి చేత్తో సైగ చేశాడు.

“అది ఆగాలంటే అమావాస్య రావాల నాయనా. ఆ ఒక్క దినమే మేము మగ్గానికి మొక్కి పక్కన పెట్టేది. నువ్వు వచ్చింది ఆ దినమే గదా!”

అమ్మా! ఊరికి అమావాస్య ఉంటాదంటివే! నేను గుమ్మం వైపు చూశాను. మురుగయ్య నిలబడున్నాడు. నీకు తెలిసీ చెప్పలేదేమన్నట్టు చూస్తే, దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు: “మీరు చదువుకున్నోళ్ళు సార్. తెలిసే పోతా ఉండారనుకొంటి.”

అప్పుడు లేచింది సరోజమ్మ. అరవై దాటిన మనిషి, ముక్కుకు రెండు పక్కలా పుడకలు, జుట్టు నిండా దూది నూగు. ఆమె నవ్వలేదు. మగ్గాల చప్పుడు మీదుగా మాట్లాడటం అలవాటున్న గొంతు, మైకు అక్కరలేదు.

“నాయనా, మా ఇంట్లో రెండు మగ్గాలు ఆడతా ఉండాయి. ఇంకో రెండు తెచ్చి ఆర్నెల్లాయ. కరెంటు లైనుకు రాసిపెడితే, మీ ఊరి ప్లాను రానీ, అది సూసి ఇస్తామన్నారు. అంతదాకా పట్ట కప్పి పెట్టిండాము. నా కొడుకు, కోడలు ఆ మగ్గాలొస్తే ఊర్లోనే ఉంటారు. రాకపోతే మూటాముల్లె సర్దుకోని తిరుప్పూరు మిల్లుల్లో కూలికి పోతారు. ఇప్పుడు నువ్వు పసుపు పూసేస్తివి. మగ్గాలు యాడ పెట్టుకోమంటావు చెప్పు. ఆ చింతపండు షెడ్డులోనా?”

హాలు మళ్ళీ నవ్వింది. నేను నవ్వలేకపోయాను. అంతదాకా నాకు నా ఇస్త్రీ చొక్కా, నా కాంట్రాక్టు మాత్రమే గుర్తున్నాయి. జీపులో కూర్చుని విలాసంగా గీసిన ఒక రంగు ఒకింటి మనుషులను ఊరు దాటిస్తుందని అప్పుడు తెలిసింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

వసుంధర మేడం లేచింది. మైకు తీసుకోలేదు. సంచీలోంచి ఎర్ర పెన్సిలు తీసి, మ్యాపు దగ్గరికి పోయి, ఈ మూల నుంచి ఆ మూలకు రెండే అక్షరాలు రాసింది: ‘తప్పు’. ఎవరికీ ఏమీ వినపడలేదు, అందరికీ అర్థమైంది. తర్వాత సరోజమ్మ దగ్గరికి నడిచి, చేతులు జోడించి అంది.

“సంతకం నాది. తప్పు కూడా నాదేనమ్మా. మూడు దినాలు టైమివ్వండి. మా వాడు మళ్ళీ వస్తాడు. ఈసారి నడిచి.”

ఆ ‘మా వాడు’ అన్న మాటకు నాకు ఏడుపొచ్చింది. వేరే ఆఫీసర్లయితే నన్ను ఆ హాల్లోనే మగ్గానికేసి నేసేవాళ్ళు. బయటికొచ్చాక మాత్రం నా వైపు తిరిగి, “నీ కాంట్రాక్టు కాగితం నా బల్ల మీద ఉండాది. మూడు దినాలు దాని పక్క చూడను,” అని గొడుగు తెరుచుకుని పోయింది.

మర్నాడు పొద్దున్నే ఊరి మొదట్లో జీపు దిగాను. సరోజమ్మ అప్పటికే నాకోసం నిలబడుంది.

“ఒక్కడివే పోతే ఎవురూ లోపలికి రానీరు. నా ఎంబడి రా.”

నేను కాగితాలు తీసి, ప్రతి ఇంటి తలుపూ తట్టి మగ్గాలు లెక్కపెట్టుకుందామన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.

“తలుపు తట్టేదెందుకు? చెవులుండాయి గదా. ఈ ఇంట్లో నాలుగు, రాసుకో. అన్నీ లుంగీలే. ఎదురింట్లో రెండు. అవి తువ్వాళ్ళు.”

“ఎట్లా తెలుస్తాదమ్మా?”

“అన్నం ఉడికేదానికీ పప్పు ఉడికేదానికీ మీ అమ్మకు తేడా తెలీదా?”

నమ్మకం లేక లోపలికి పోయి చూశాను. నాలుగు మగ్గాలు, నాలుగు లుంగీలు. ఎదురింట్లో రెండు మగ్గాలు, రెండు తువ్వాళ్ళు. నాలుగో వీధి మలుపులో ఆమె ఆగి చెవి ఒగ్గింది.

“మూలింట్లో అయిదు. ఒగటి ఆగిపోయుండాది.”

ఈసారి దొరికిందనుకున్నాను. “ఆగిపోయిన మగ్గం ఎట్లా వినపడింది?”

“మొన్నటి దాకా అయిదు ఆడతా ఉండె. ఈపొద్దు నాలుగే ఆడతాండాయి. మగ్గం అమ్ముకోనుంటే ఊరికి తెలీకుండా పోతాదా? అంటే చెడిపోయుండాల.”

పోయి చూస్తే అయిదో మగ్గం కింద మెకానిక్కు పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే బయట. నేను ఆ కాళ్ళకు దండం పెట్టబోయి, తమాయించుకుని సరోజమ్మకు పెట్టాను. ఉపగ్రహం ఆకాశంలోంచి చూడలేనిది, ఈవిడ వీధిలో నిలబడి కళ్ళు మూసుకుని చూస్తోంది. నా నాలుగేళ్ళ చదువులో ఇలాంటి పాఠం ఒక్కటీ లేదు. మూడు రోజులు ఆమె వెనక నడిచి, ఆ ఊరిని చెవులతో చదువుకున్నాను. రెండో రోజు సాయంత్రానికి రెండు మగ్గాల ఇంటిని నేనే కనిపెట్టాను. “పరవాలేదే!” అంది ఆమె. నా డిగ్రీ పట్టా అందుకున్న రోజు కూడా నాకంత సంతోషం కలగలేదు.

మూడో రోజు ఇంకో చిక్కొచ్చింది. పసుపు వేస్తే మగ్గం పోతుంది. ఊదా వేస్తే అది ఫ్యాక్టరీ ప్రాంతమైపోతుంది, రేపు ఎవరైనా ఇంటి మీద గది కట్టుకుంటామంటే అనుమతి రాదు. బిక్కమొహం వేసుకుని మేడం ముందు కాగితం పరిచాను.

“ఇల్లా, పరిశ్రమా? ఏదని రాయమంటారు మేడం?”

“వాళ్ళు ఆ రెండింటినీ విడదీసినారా?”

“లేదు మేడం.”

“మరి నువ్వెవరు విడదీసేదానికి?”

ఆమె పసుపు పెన్సిలు, ఊదా పెన్సిలు రెండూ నా చేతిలో పెట్టింది. వీధి వీధంతా పక్కపక్కనే చారలు గీశాను, పసుపొకటి, ఊదా ఒకటి. ఇల్లూ పరిశ్రమా కలిసి ఉండే వీధి అని పక్కన రాశాను. మళ్ళీ సభ పెట్టినప్పుడు సరోజమ్మ ఆ మ్యాపు ముందు నిలబడి చాలాసేపు చూసి, ముక్కున వేలేసుకుంది.

“మా లుంగీ గీతలు గదా ఇవి! ఇంత చదువు చదివి ఆఖరికి మా దాంట్లోకే వస్తివే!”

ఆ ప్లాన్ ఖాయమైంది. సరోజమ్మ ఇంటికి లైను వచ్చింది. కొడుకూ కోడలూ మూట సర్దలేదు. నా కాంట్రాక్టు కాగితం మీద మేడం సంతకం పెడుతూ, ఆ రోజు ఇంటర్వ్యూలో నా దరఖాస్తు వెనక రాసుకున్నది చూపించింది. పెన్సిలు రాత చెరిగిపోలేదు: ‘గట్టి దెబ్బ ఒకటి తగిలితే పనికొస్తాడు.’

కొన్నాళ్ళకు మురుగయ్య ఒక పొట్లం తెచ్చిచ్చాడు. విప్పితే తువ్వాలు, పసుపు చార, ఊదా చార.

“కొత్త మగ్గం మీద తొలి తువ్వాలంట సార్. మ్యాపు రంగు వెలిసిపోతాదేమో, ఇది ఎంత ఉతికినా పోదని సరోజమ్మ చెప్పమనింది.”

తువ్వాలు చూసి మా అమ్మ అడిగింది: “అమావాస్య నాడు పోవద్దంటే వింటివా?”

“వినుంటే ఈ తువ్వాలు వచ్చేదా అమ్మా?”

“తువ్వాలొచ్చింది సరే. పరువో?”

ఇది జరిగి పదేళ్ళు దాటింది. మేడం రిటైరైంది. ఇప్పుడు తిరుపతిలో ఆమె కూర్చున్న కుర్చీలో నేను కూర్చుని, ఉద్యోగాలకొచ్చే పిల్లలను ‘మ్యాపు ముందా, ఊరు ముందా?’ అని అడుగుతున్నాను. ఎవరైనా ఛాతీ విరుచుకుని ‘మ్యాపే సార్!’ అన్నారంటే ముచ్చటేస్తుంది. వాళ్ళ దరఖాస్తు వెనక ఏం రాయాలో నాకు బాగా తెలుసు.

ఇక ఒట్టు. చారల తువ్వాలు భుజాన వేసుకుని, మా అమ్మ సాక్షిగా, మురుగయ్య సాక్షిగా చేస్తున్న ప్రమాణం ఇది. ఇకమీదట ఏ ఊళ్ళో కాలు పెట్టినా, ‘మీ ఊరు ఏ దినం పడుకుంటుంది, ఏ దినం మేలుకుంటుంది?’ అని అడగనిదే పెన్సిలు చేతబట్టను. జీపులో కూర్చుని ఊరు గీయను. తాత చెప్పినదాంట్లో ‘ఈపొద్దు’ను మింగేయను. ఈ ఒట్టు తప్పానంటే నాకు పడవలసిన శిక్ష కూడా నేనే రాసిపెట్టుకున్నాను: ఆ నిశ్శబ్ద మండలంలో, మూడో వీధిలో, నేను ప్రతిపాదించిన వృద్ధుల విశ్రాంతి గృహం కట్టించి, అమావాస్య కాని రోజు చూసి, మధ్యాహ్నం భోజనం పెట్టి, నన్నక్కడ నిద్రపొమ్మనాలి.